పేరున్న విశ్వవిద్యాలయమా, చిన్న కాలేజీలో ఫిజిక్సా?

ప్రశ్న: నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మంచి పేరున్న పెద్ద విశ్వవిద్యాలయం, అక్కడ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. రెండోది ఎక్కువమందికి తెలియని చిన్న కాలేజీ, అక్కడ ఫిజిక్స్ డిగ్రీ. నాకు ఫిజిక్స్ అంటే ఇష్టం. కానీ ఆ చదువుతో ఉద్యోగం ఎలా వస్తుందని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాను. ర్యాంకుల పట్టికలో కూడా రెండింటికీ చాలా దూరం ఉంది. ఏది ఎంచుకోవాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఏం చదవాలన్నది ఒకటి, ఎక్కడ చదవాలన్నది ఇంకొకటి. ర్యాంకుల పట్టిక ముందుపెట్టుకుని రెండోదాన్ని ముందు తేల్చాలని చూస్తున్నారు కనుకనే మొదటిది తెగడం లేదు. వరస మార్చి చూద్దాం.

ఫిజిక్స్ అంటే ఇష్టమన్నారు. స్కూలు చివరి తరగతుల్లో ఏర్పడే ఆ ఇష్టం చాలావరకు కష్టమైన లెక్క తెగినప్పుడు కలిగే సంతోషం, అది ఇంజనీరింగులోనూ దొరుకుతుంది. అందుచేత రెండు కోర్సుల మూడో సంవత్సరం సిలబస్ సంపాదించి పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటి సంవత్సరానిది చూసి పెద్దగా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే అక్కడ గణితం, యాంత్రిక శాస్త్రం, కొంత ప్రోగ్రామింగ్ రెండు వైపులా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దారులు చీలేది ఆ తర్వాతే. ఉదాహరణకు, విద్యుదయస్కాంతత్వాన్ని వివరించే మాక్స్‌వెల్ సమీకరణాలు రెండు కోర్సుల్లోనూ వస్తాయి. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు వాటి సాయంతో ఒక నిర్ణీత పౌనఃపున్యానికి యాంటెన్నా ఎంత పొడవుండాలో, కేబుల్ చివరి నుంచి సిగ్నల్ వెనక్కి రాకుండా ఏం చేయాలో తేలుస్తారు. ఫిజిక్స్ విద్యార్థులు అవే సమీకరణాలను కదిలే పరిశీలకుడి వైపు నుంచి రాసి చూసి, న్యూటన్ యాంత్రిక శాస్త్రంతో అవి ఎందుకు పొసగడం లేదని అడిగి, 1905లో ఐన్‌స్టైన్ ప్రతిపాదించిన సాపేక్షతా సిద్ధాంతం దగ్గరికి చేరతారు. ఈ రెండింటిలో ఏ పని ముందు మీరు ఆకలి కూడా తెలియకుండా కూర్చోగలరో మీకు మీరే చెప్పుకోవాలి. యాంటెన్నా వైపే మనసు లాగితే సంకోచం లేకుండా ఇంజనీరింగులో చేరండి.

ఇక ఇంట్లోవాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న, దానికి నిజాయితీగా జవాబు చెప్పాలి. ఫిజిక్స్ చదివినవారు సాఫ్ట్‌వేర్, సమాచార విశ్లేషణ, సెమీకండక్టర్ల తయారీ, వైద్య పరికరాలు, బోధన వంటి రంగాల్లో స్థిరపడుతున్నారు. అయితే వారిలో చాలామందికి దారి నేరుగా ఉండదు, పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే డిగ్రీ తర్వాత కూడా ఏళ్ల తరబడి చదవాలి. ఇంకో మాట కూడా వాళ్లకు చెప్పండి. ఇంజనీరింగ్ నుంచి ఫిజిక్స్‌కు వెళ్లడం కంటే ఫిజిక్స్ నుంచి లైసెన్సు ఉన్న ఇంజనీరు కావడం కష్టం, ఎందుకంటే చాలా దేశాల్లో ఆ లైసెన్సుకు గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. ఎదురు దారిలో నడిచినవారు మాత్రం ఎందరో ఉన్నారు. క్వాంటమ్ సిద్ధాంతాన్ని తీర్చిదిద్దిన భౌతిక శాస్త్రవేత్తల్లో ఒకరైన పాల్ డిరాక్ 1921లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకుని, ఉద్యోగం దొరక్క అక్కడే గణితం చదివి, 1923లో కేంబ్రిడ్జికి వెళ్లారు. ఉజ్జాయింపులను సహించడం తనకు ఇంజనీరింగ్ చదువే నేర్పిందని ఆయన తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. భౌతిక శాస్త్రంలో రెండు నోబెల్ బహుమతులు, 1956లోనూ 1972లోనూ, అందుకున్న ఒకే ఒక్క వ్యక్తి జాన్ బార్డీన్ కూడా విస్కాన్సిన్‌లో మొదట చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. కాబట్టి ఇంజనీరింగులో చేరితే ఫిజిక్స్ తలుపు మూసుకుపోతుందని భయపడకండి.

అలాగని పేరున్నచోట చేరిపోవడమే మంచిదని నేను అనడం లేదు. ర్యాంకుల పట్టికల్లో చాలావాటికి ఆధారం పరిశోధనా పత్రాల సంఖ్య, వాటిని ఇతరులు ఎంతగా ఉటంకించారన్నది, విద్యావేత్తల్లో ఆ సంస్థకున్న పేరు. ఇవన్నీ మొత్తం విశ్వవిద్యాలయానికి సంబంధించిన లెక్కలు. రెండో సంవత్సరంలో మీకు యాంత్రిక శాస్త్రం చెప్పబోయేది ఎవరు, ఆ తరగతిలో నలభై మంది ఉంటారా, నాలుగు వందల మందా అన్నది వాటిలో కనిపించదు. నీలి ఎల్‌ఈడీకి గాను 2014లో నోబెల్ బహుమతి పంచుకున్న షూజీ నకమురా ఎలక్ట్రానిక్స్ చదివింది టోక్యోలోనో క్యోటోలోనో కాదు, టోకుషిమా విశ్వవిద్యాలయంలో.

పట్టిక చెప్పనిది తెలియాలంటే కాలేజీకి వెళ్లి చూడాలి. నేనైతే ముందు ల్యాబుకు వెళతాను. గది ఎంత పెద్దది, పరికరాలు ఎంత కొత్తవి అన్నది తర్వాతి సంగతి. మొదటి సంవత్సరం విద్యార్థి ఎవరినైనా అడిగి లఘులోలకం ప్రయోగం రాసిన ల్యాబ్ రికార్డు చూడండి. దారానికి కట్టిన గుండు ఊగే కాలాన్ని కొలిచి, దాన్నుంచి గురుత్వ త్వరణాన్ని లెక్కగట్టడమే ఆ ప్రయోగం. మీటరు పొడవున్న లోలకానికి ఆవర్తన కాలం, అంటే ఒకసారి ఊగి తిరిగి రావడానికి పట్టే కాలం, దాదాపు రెండు సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి 0.2 సెకను తడబడిందనుకుందాం. ఒక్క డోలనాన్నే కొలిస్తే ఆ దోషం పది శాతం, గురుత్వ త్వరణం విలువలో దాదాపు ఇరవై శాతం. పది డోలనాలు లెక్కపెట్టి కొలిస్తే అదే తడబాటు త్వరణంలో రెండు శాతానికి దిగుతుంది. ఈ లెక్క తెలిసి చేసిన రికార్డులో 9.6 అనో 9.9 అనో ఒక విలువ, పక్కన 0.2 అటూఇటూ అన్న దోషపు అంచనా కనిపిస్తాయి. తరగతి మొత్తం పుస్తకంలో ఉన్న 9.8 అనే రాసుకుని, అందరికీ పూర్తి మార్కులు పడి ఉంటే, అక్కడ ప్రయోగం జరగడం లేదు, కాపీ జరుగుతోంది. ఎంత పేరున్న సంస్థ అయినా సరే, ఆ అలవాటు ఒంటబట్టిన విద్యార్థి దాన్ని వదిలించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ విషయంలో నాకు పట్టుదల ఎక్కువ, ఎందుకంటే కొలిచిన సంఖ్యను ఎంతవరకు నమ్మాలో తెలియకపోతే ఫిజిక్స్ అయినా ఇంజనీరింగ్ అయినా నిలబడదు.

తర్వాత గత రెండేళ్ల మూడో సంవత్సరం ప్రశ్నపత్రాలు అడగండి. పుస్తకంలోని నిరూపణను అలాగే తిరిగి రాయమనే ప్రశ్నలే ఉన్నాయా, ఎప్పుడూ చూడని లెక్కను ఆలోచించి చేయమనేవి కూడా ఉన్నాయా చూడండి. చిన్న కాలేజీల్లో ఇంకో చిక్కు ఉంటుంది. బ్రోషర్‌లో రాసిన ఐచ్ఛిక పాఠాలు చెప్పేవారు లేక కొన్ని ఏళ్లకేళ్లు నడవవు. కనుక కిందటి ఏడాది నిజంగా నడిచిన పాఠాల జాబితా తీసుకోండి. క్వాంటమ్ మెకానిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ అందులో లేకపోతే ఆ డిగ్రీ మీకు వద్దు.

ఉద్యోగాల సగటు జీతం గురించి కాలేజీలు చెప్పే అంకెను పట్టించుకోకండి. పది మందిలో తొమ్మిది మందికి నాలుగేసి, ఒక్కరికి అరవై నాలుగు వస్తే సగటు పది అవుతుంది, అసలు ఆ పది అన్నది ఎవరి చేతికీ రాలేదు. మధ్యగతం (జీతాలను వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంత, మొత్తం ఎందరిలో ఎందరికి ఉద్యోగం వచ్చింది అని అడగండి.

చిన్న కాలేజీ ల్యాబూ ప్రశ్నపత్రాలూ మీకు నచ్చి, మూడో సంవత్సరం సిలబస్‌లో సాపేక్షత వైపే మీ మనసు పోతే, ర్యాంకు ఎంత ఉన్నా నేను అక్కడే చేరమంటాను. ఆ రెండింటిలో ఒక్కటి తప్పినా ఎలక్ట్రానిక్స్ తీసుకుని, ఐచ్ఛికాలుగా ఫిజిక్స్ పాఠాలు చదవడానికి టైమ్‌టేబుల్‌లో చోటుందో లేదో చేరకముందే కనుక్కోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ ఫిజిక్స్ అనే కోర్సు చూశాడు. రెండూ కలిసి వస్తాయంటున్నాడు. ఆ డిగ్రీతో వేరే దేశంలో ఇంజనీరుగా గుర్తింపు ఉంటుందా?
– ఒక తల్లి

జవాబు: కోర్సు పేరును బట్టి చెప్పలేమమ్మా. ఇంజనీరింగ్ డిగ్రీలను పరస్పరం గుర్తించుకోవడానికి ఆరు దేశాల సంస్థలు 1989లో వాషింగ్టన్ ఒప్పందం చేసుకున్నాయి, తర్వాత మరికొన్ని దేశాలు చేరాయి. ఈ ఒప్పందం కింద గుర్తింపు దక్కేది కాలేజీకి కాదు, ఒక్కొక్క కోర్సుకు విడివిడిగా. ఒకే ఆవరణలో మెకానికల్‌కు ఉండి, ఇంజనీరింగ్ ఫిజిక్స్‌కు లేకపోవచ్చు. మీ దేశపు గుర్తింపు సంస్థ జాబితాలో ఆ కోర్సు పేరు అదే మాటల్లో ఉందా, గుర్తింపు ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు అన్నది మీ అబ్బాయితో కలిసి కూర్చుని చూడండి. ఆ డిగ్రీతో పై చదువుకు వెళ్లడమే అతని ఉద్దేశమైతే ఈ గుర్తింపు లేకపోయినా పెద్ద నష్టం లేదు. ఇంజనీరుగా లైసెన్సు తీసుకోవాలనుకుంటే మాత్రం, అది లేని కోర్సులో చేర్చకండి.