జున్ను గిన్నెలో ప్రోటీన్ నిర్మాణం

“ప్రోటీన్లన్నీ అవే 20 అమైనో ఆమ్లాలతో తయారవుతున్నప్పుడు ఒక్కొక్కటి ఒక్కొక్క పని ఎలా చేయగలుగుతుంది?” అని అడిగారు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు చాలా ఏళ్లు జంతుశాస్త్రం చెప్పాను కానీ, నిర్మాణానికీ పనికీ ఉన్న ఈ సంబంధం నాకు స్పష్టంగా బోధపడింది మా ఇంటి గేదె ఈనినప్పుడు. అందుకని జున్నుతోనే మొదలుపెడతాను.

మామూలు పాలను ఎంతసేపు కాచినా పొంగుతాయి, మీగడ కడతాయి, చివరకు కోవా అవుతాయి తప్ప జున్నులా గడ్డకట్టవు. అదే ఈనిన రోజు పిండిన ముర్రుపాలలో బెల్లం, మిరియాల పొడి కలిపి ఆవిరికి పెడితే, కాసేపటికే చాకుతో ముక్కలు కోయగలిగేంత గట్టి జున్ను తయారవుతుంది. మా అమ్మ మొదటి పూట పాలు ఒక గ్లాసుకు రెండు గ్లాసుల మామూలు పాలు కలిపేది, రెండో రోజు పాలలో కొద్దిగా మాత్రమే కలిపేది. మూడో రోజు పాలు ఏమీ కలపకపోయినా సరిగ్గా గట్టిపడేవి కావు. పూటపూటకూ తగ్గిపోతున్న ఒక ప్రోటీన్‌ను ఆవిడ తన గ్లాసుతో కొలుస్తున్నదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

ఆవుపాలలోని ప్రోటీన్లలో దాదాపు 80 శాతం కేసీన్. ఏ ప్రోటీన్ అయినా అమైనో ఆమ్లాల గొలుసే, కేసీన్ గొలుసులో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం వల్ల ఆ గొలుసు ఒక నిర్దిష్టమైన ఆకారంలో బిగుతుగా మడతపడలేదు. మడతే లేనప్పుడు వేడికి విప్పుకొనేది ఏముంటుంది? కాల్షియాన్నీ ఫాస్ఫరస్‌నూ దూడ కడుపుదాకా మోసుకుపోయే పనికి అటువంటి వదులైన గొలుసే అనువైనది. ముర్రుపాలలో ప్రోటీన్లు మామూలు పాలకంటే నాలుగింతలదాకా ఉంటాయి, వాటిలో పెద్ద భాగం ఇమ్యునోగ్లోబ్యులిన్లు, అంటే తల్లి రక్తం నుంచి పొదుగులోకి దిగిన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు).

ఆ ప్రతిరక్షకాన్ని దగ్గరగా చూద్దాం. అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో ఏ వరుసలో గుచ్చి ఉన్నాయన్నది ప్రాథమిక నిర్మాణం. ఆ గొలుసు వెనక్కూ ముందుకూ మడిగి, హైడ్రోజన్ బంధాల పట్టుతో బీటా పలకలుగా నిలవడం ద్వితీయ నిర్మాణం. రెండేసి పలకలు ఎదురెదురుగా చేరి, సుమారు 110 అమైనో ఆమ్లాల ఉండలు ఏర్పడడం తృతీయ నిర్మాణం. రెండు బరువైన గొలుసులూ రెండు తేలికైన గొలుసులూ డైసల్ఫైడ్ బంధాలతో జతపడి పంగలకర్ర ఆకారం దాల్చడం చతుర్థ నిర్మాణం. ఈ నాలుగు గొలుసుల అమరికను తేల్చినందుకే శాస్త్రవేత్తలు ఎడెల్మన్, పోర్టర్‌లకు 1972లో నోబెల్ బహుమతి లభించింది. పంగ రెండు కొసల దగ్గర మాత్రం అమైనో ఆమ్లాల వరుస ఒక ప్రతిరక్షకానికీ మరొక దానికీ మారుతుంది. వరుస మారితే కొసనున్న గాడి ఆకారం మారుతుంది, గాడి మారితే అది పట్టుకొనే క్రిమి మారుతుంది. మీ ప్రశ్నకు నా సమాధానం ఇదే.

కొలాజెన్ అనే ప్రోటీన్‌లోనూ అంతే. ప్రతి మూడో స్థానంలో అన్నింటికంటే చిన్నదైన గ్లైసీన్ ఉండబట్టే మూడు గొలుసులు తాడులా పేనుకొని చర్మానికీ ఎముకకూ బలాన్నిస్తాయి. ఆ మూడు పేటల అల్లికను శాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ 1950లలో మద్రాసులో వివరించారు. 

ఇక వేడి తగిలితే ప్రతిరక్షకపు మడతలు విప్పుకొని, నీటికి దూరంగా లోపల దాగిన భాగాలు బయటపడతాయి. అవి పక్క గొలుసుల భాగాలతో అతుక్కొని, నీటిని మధ్యలో బంధించే వలగా మారతాయి. ఆ వలే జున్ను. మడత పోయింది గనుక క్రిమిని పట్టే గాడీ పోయింది.

నా చిన్నతనంలో మా ఇంట్లో మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరికి వదిలేవారు కాదు. ఒక ఏడు మాయ పడడానికి రాత్రంతా పట్టింది. తెల్లవారి పిండిన పాలలో చాలా భాగం జున్నుకూ ఇరుగుపొరుగులకూ పోయింది, మిగిలిన కాసిని దూడకు తాగించారు. వారం తిరగకుండానే అది పారుడుతో చనిపోయింది. మనుషుల్లో తల్లి ప్రతిరక్షకాలు మాయ ద్వారా కడుపులోని బిడ్డకు చేరతాయి, ఆవు గేదెల్లో చేరవు. అవి దూడకు అందే దారి ముర్రుపాలే. పైగా దూడ పేగు అంత పెద్ద అణువులను ముక్కలు చేయకుండా రక్తంలోకి పంపగలిగేది పుట్టిన తర్వాత ఇంచుమించు ఒక్క రోజే, అదీ గంటగంటకూ తగ్గుతూ. ఆ సంగతి చదివిన రోజున ఆ దూడే గుర్తుకు వచ్చి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

మనకైతే జున్నులో మడత చెదిరినా నష్టం లేదు, ఎందుకంటే మన జీర్ణరసాలు ఏ ప్రోటీన్‌నైనా అమైనో ఆమ్లాలుగా విడగొట్టాకే వాడుకుంటాయి. దూడకు మాత్రం మడత చెదరని అణువే కావాలి గనుక ముర్రుపాలను కాచి తాగించకూడదు. ఇప్పుడు మా ఇంట్లో మాయ కోసం ఆగడం లేదు. దూడ లేచి నిలబడగానే గంటలోపు మొదటి విడత తాగిస్తాము, దాని బరువులో పదో వంతు పాలు ఆ మొదటి రోజునే పట్టిస్తాము. జున్నుకు మిగిలినవే తీసుకుంటాము.