ఆరడుగుల చెక్క బల్లకు చవగ్గా మెత్తలు: దూదా, ఫోమా? ఎలా కుట్టుకోవాలి?

కావలిలో అద్దె ఇల్లు, హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న చెక్క బల్ల ఉంది, సోఫా కొనే ఉద్దేశం లేదు, దానిమీదికి చవగ్గా మెత్తలు కావాలి అన్నారు. కుట్టుమిషన్ కూడా ఉందన్నారు కాబట్టి పని ఇంట్లోనే అయిపోతుంది.

కూర్చోడానికైతే ఫోమే తీసుకోండి. పత్తి దూది కూర్చునే చోట అణిగి పక్కలకు జరుగుతుంది, ఉండలు కడుతుంది. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు. తేమ పీల్చిన దూదిని ఆరబెట్టుకుందామంటే ఎండ దొరకదు. బూరుగు దూది తలకింద హాయిగా ఉంటుందిగానీ మనిషి బరువుకు ఆగదు. ఇంట్లో పాత పరుపు ఉంటే ఆ దూది ఏకించి వీపు దిండ్లలో నింపుకోండి, అంతవరకు మంచిదే.

ఫోమ్ కొనేటప్పుడు అందరూ మందం అడుగుతారు. అసలు అడగాల్సింది డెన్సిటీ, అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందనేది. రోజూ కూర్చునే మెత్తకు 40 ఉండాలి, మరీ డబ్బు చాలకపోతే 32. అంతకన్నా తక్కువది ఐదంగుళాల మందం వేసినా కొన్నాళ్లకే గుంట పడుతుంది. 40ది మూడంగుళాలు చాలు. గుడ్డ దగ్గర ఎంతైనా తగ్గించుకోండి, ఇక్కడ మాత్రం తగ్గించొద్దు.

నంబరు నోటితో చెబితే సరిపోదు, తూకం వేయించండి. 72×36 అంగుళాల షీటు మూడంగుళాల మందంలో 40 డెన్సిటీ అయితే 5 కిలోల పైచిలుకు తూగాలి, 32 అయితే 4 కిలోలు. 3 కిలోలు కూడా రాకపోతే అది 23 లేదా ఇంకా తక్కువ. బరువు కోసం సుద్దపొడి కలిపిన ఫోమ్ కూడా ఉంటుంది. అందుకని తూకంతో ఆగకుండా షీటును నేలమీద పరిపించి, మోకాలు ఆనించి బరువంతా వేసి చూడండి. నేల తగిలినట్టుంటే వద్దు. మోకాలు తీయగానే గుంట లేవకపోయినా వద్దు. బండి సీట్లు కుట్టే కుషన్ వర్క్స్ కొట్లలో అడిగితే ఫోమ్ దొరుకుతుంది, కొలత ఇస్తే కోసి కూడా ఇస్తారు.

కొనేముందు బల్ల ఎత్తు కొలవండి. 15, 16 అంగుళాలైతే మూడంగుళాల మెత్త సరిపోతుంది. ఇప్పటికే 18 ఉంటే పొట్టిగా ఉండే పెద్దవాళ్ల కాళ్లు నేలకు ఆనవు. అప్పుడు రెండంగుళాల రీబాండెడ్ ఫోమ్ వేసుకోండి. ముక్కల్ని అతికించి చేసేది కాబట్టి గట్టిగా ఉంటుంది, పలచగా వేసినా చెక్క తగలదు.

ఆరడుగుల పొడవునా ఒకటే మెత్త కుట్టొద్దు, ఉతకడానికీ తిప్పడానికీ కష్టం. 72×36 షీటులో 24×24 ముక్కలు మూడు వస్తాయి. మిగిలిన 72×12 పట్టీలో 24×12 ముక్కలు మూడు, నడుము దగ్గర పెట్టుకోవడానికి. చెత్త మిగలదు.

గుడ్డ 54 అంగుళాల పన్నాలో నాలుగున్నర మీటర్లు తీసుకుంటే ఆరింటికీ సరిపోతుంది. మందపాటి నూలు గుడ్డ మేలు. రెక్సిన్ చవకే, దుమ్ము తుడుచుకోవచ్చుగానీ రోహిణి కార్తెలో ఒంటికి అతుక్కుపోతుంది. నూలుదైతే కత్తిరించకముందే రాత్రంతా నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుని ఫోమ్ పట్టదు.

తొడుగు ఫోమ్‌కన్నా అర అంగుళం చిన్నగా రావాలి, సమానంగా కుడితే మీద ముడతలు పడతాయి. 24 అంగుళాల ముక్కకు కుట్టయ్యాక 23½ రావాలి కనుక పైముక్క, కిందిముక్క కుట్టు మార్జిన్లతో 24½ చొప్పున కోయండి. చుట్టూ పట్టీ వెడల్పు 4 అంగుళాలు. ముందువైపూ రెండు పక్కలూ చుట్టే పట్టీ పొడవు 65. వెనక జిప్పు పట్టీకి 31 అంగుళాల పొడవు, 2½ వెడల్పున్న ముక్కలు రెండు. జిప్పు వెనకవైపు మొత్తం పోయి రెండు పక్కలకూ మూడేసి అంగుళాలు తిరగాలి, అప్పుడే ఫోమ్ నలగకుండా దూరుతుంది. మీటరు లెక్కన అమ్మే జిప్పు, విడి రన్నర్లు కొంటే చవక.

మొదట జిప్పు కుట్టండి. తర్వాత ఆ జిప్పు పట్టీనీ 65 అంగుళాల పట్టీనీ గుండ్రంగా కలిపి, నాలుగు మూలలు ఎక్కడ రావాలో రెండు అంచులమీదా సుద్దతో గుర్తుపెట్టండి. ఈ గుర్తులు వదిలేస్తే పైమూల ఒకచోట, కిందిమూల ఒకచోట వచ్చి మెత్త మెలితిరుగుతుంది. మూల దగ్గర పట్టీ అంచుకు కత్తెరతో కుట్టు దాకా రాకుండా చిన్న గాటు పెడితే గుడ్డ చక్కగా తిరుగుతుంది. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం వాడండి. కిందిముక్క కలిపేముందు జిప్పు సగం తెరిచి ఉంచండి, మూసి కుట్టేస్తే తిరగేయడానికి దారి ఉండదు.

ఫోమ్‌కు ముందు పాత పంచె గుడ్డతో లోపలి తొడుగు వేయండి. పైతొడుగు ఎక్కించేటప్పుడు పలచటి పాలిథిన్ కవరు చుట్టి తోస్తే జారుకుంటూ వెళ్తుంది, తర్వాత కవరు లాగేయండి. మూలలు చేత్తో సర్దాలి.

ఫోమ్ తడిస్తే నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి, ఎండ తగిలితే పసుపెక్కి పొడిపొడిగా రాలుతుంది. ఎప్పుడైనా నేలమీద వేసుకుంటే కింద తుంగచాప పరవండి, గచ్చు తేమకు అడుగున నల్లబూజు పడుతుంది. దోమల చుట్టలు, అగరొత్తులు ఈ బల్లకు దూరంగా పెట్టండి. ఫోమ్ అంటుకుంటే క్షణాల్లో మండుతుంది, దాని పొగ విషం.