రిపేరు చేసిన సిలిండర్ మళ్లీ కారుతోంది, పైగా ఇవ్వనంటున్నారు!

ప్రశ్న: తిరుపతి రేణిగుంట రోడ్డులో కార్ల సర్వీసు షెడ్డు నడుపుతున్నాను. నేను, ఒక హెల్పర్, అంతే. కార్లను పైకెత్తే టూ పోస్ట్ లిఫ్ట్ సిలిండర్లు రెండూ ఆయిల్ కారుతుంటే చిత్తూరులో ఒక వర్క్‌షాపుకిచ్చి, 38 వేలు కట్టి సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మార్పించాను. నెల తిరక్కుండానే ఒకటి మళ్లీ కారడం మొదలైంది. తీసుకెళ్తే, 'రాడ్ మీద గీతలున్నాయి, తప్పు మీదే. ఇంకో 15 వేలిస్తేనే సిలిండర్ ఇస్తాం' అంటున్నారు. బిల్లు మీద 'గ్యారంటీ లేదు' అని ముద్ర ఉంది. కేసు నిలుస్తుందా?

జవాబు: ఆ ముద్ర గురించి టెన్షన్ వద్దు. డబ్బు తీసుకుని పని సరిగ్గా చేయకపోతే సేవాలోపమే, రబ్బరు స్టాంపు దాన్ని చెరపలేదు.

అసలు పేచీ రాడ్ దగ్గరుంది, అంటే సిలిండర్‌లోంచి బయటికీ లోపలికీ కదిలే కడ్డీ దగ్గర. గీతలు పడ్డ రాడ్ మీద కొత్త సీలు ఎక్కిస్తే అది త్వరగా తెగుతుంది. అందుకే విప్పినవాళ్లు ముందు రాడ్ మీది క్రోమ్ పూత, బోర్ (సిలిండర్ లోపలి గోడ) చూడాలి. గీతలు అప్పటికే ఉండి, మీకు చెప్పకుండా బిగించి ఉంటే తప్పు వాళ్లది. మీరు మురికి ఆయిల్ పోయడం వల్ల తర్వాత పడ్డాయని తేలితే మాత్రం మీకు ఇబ్బందే. కాబట్టి ఆయిల్ కొన్న బిల్లు వెతికి పెట్టుకోండి, ట్యాంకులోంచి ఒక సీసాడు ఆయిల్ తీసి దాచండి. రాడ్ ఫొటోలు ఇవాళే తీయండి. మీరు లేకుండా సిలిండర్ విప్పొద్దని వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్పండి.

షెడ్డు వ్యాపారం కదా, వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి వినియోగదారుణ్ని ఎలా అవుతానంటారేమో. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం వాడుకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం మిమ్మల్ని వినియోగదారుగానే చూస్తుంది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ హోదా పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పదిమంది జీతగాళ్లుంటే సంగతి వేరు.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 170 ప్రకారం, చేసిన పనికి కూలి బాకీ ఉంటే వస్తువు ఆపుకోవచ్చు. మీరు ఒప్పుకోని, ఇంకా చేయని పనికి ఆ హక్కు లేదు.

ముందు లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. కదలకపోతే తిరుపతి వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, చిత్తూరు తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. లిఫ్ట్ ఆగిన రోజుల నష్టం కూడా అడగండి, కానీ జాబ్ కార్డులు (ఏ బండికి ఏ పని చేశారో రాసుకునే షెడ్డు కాగితాలు) చూపించాలి. లిఫ్ట్ అర్జెంటైతే, 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి ఆ 15 వేలు కట్టొచ్చు. అప్పుడు మార్చిన పాత సీలు, రాడ్ అడిగి తెచ్చుకోండి.