బ్రాకెట్ లెక్కలో రైద్, విటెన్ దగ్గర ఫ్రేమింగ్: రెండూ నవారు మెలే

ప్రశ్న: ట్రెఫాయిల్ ముడికి (పోగు మూడు చోట్ల దాటే అతి సరళమైన ముడి) కాఫ్‌మన్ బ్రాకెట్ (ముడి బొమ్మ నుంచి బహుపది రాబట్టే లెక్క) వేస్తే, గీసిన బొమ్మను బట్టి జవాబు మారిపోతోంది. ఎందుకు? క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతంలో వచ్చే ఫ్రేమింగ్‌కూ దీనికీ సంబంధం ఉందా?

ఉందండీ, రెండూ ఒకటే సంగతి. ముందు లెక్క తేల్చుకుందాం. బ్రాకెట్ చరరాశిని అ అనీ, జోన్స్ బహుపది (బొమ్మ ఎలా గీసినా మారనిది) చరరాశిని త అనీ రాస్తున్నాను; త = అ⁻⁴.

క్రాసింగ్ (ఒక పోగు ఇంకోదాని మీదుగా దాటే చోటు) దగ్గర పై పోగును అపసవ్య దిశలో తిప్పితే అది ఊడ్చే రెండు గదులూ (పోగుల మధ్య ఖాళీలు) కలిసేలా కత్తిరిస్తే అ, మిగతా రెండూ కలిపితే అ⁻¹. మొదటి వలయానికి 1, ఆపైన ఒక్కో వలయానికి ద = −అ² − అ⁻². మూడు క్రాసింగులు, ఒక్కోదానికి రెండు కత్తిరింపులు కాబట్టి 8 బొమ్మలు. కుడిచేతి ట్రెఫాయిల్‌లో మూడూ అ అయితే 2 వలయాలు వస్తాయి. రెండు అ ఉన్న బొమ్మలు 3, వాటిలో ఒక్కో వలయమే. ఒక్క అ ఉన్నవీ 3, వాటిలో రెండేసి. అసలు అ లేనిదానిలో 3. కలిపితే:

అ³ద + 3అ + 3అ⁻¹ద + అ⁻³ద² = −అ⁵ − అ⁻³ + అ⁻⁷

ఇప్పుడు అదే ముడిలో ఊరికే ఒక ధన చుట్టు వేసి గీయండి. మొత్తం −అ³ రెట్లవుతుంది, అంటే అ⁸ + 1 − అ⁻⁴. మీకు జవాబు మారింది ఇక్కడే. దీన్ని సరిచేసేది రైద్: ధన క్రాసింగుల్లోంచి రుణ క్రాసింగులు తీసేస్తే మిగిలే సంఖ్య. (ముడి వెంట బాణాలు వేసి, పై బాణాన్ని దగ్గరి దారిలో కింది బాణం మీదికి తిప్పండి; అపసవ్య దిశలో తిరిగితే ధన, సవ్య దిశలో అయితే రుణ.) అది ఎంతుంటే అన్నిసార్లు −అ³తో భాగించండి, రుణమైతే గుణించండి. మొదటి బొమ్మకు రైద్ 3, రెండోదానికి 4. రెండింటికీ త + త³ − త⁴ వస్తుంది.

ఎక్కువమంది తప్పేది రైద్ గుర్తు దగ్గర. పై ఉదాహరణలో −3 వేసుకుంటే అ¹⁴ + అ⁶ − అ² వస్తుంది, అంటే త మీద అర ఘాతాలు. ఒకే పోగున్న ముడికి అర ఘాతం ఎప్పటికీ రాదు. కనిపించిందంటే వెనక్కి వెళ్లి బాణాలు మళ్లీ వేయాల్సిందే. ఇంకో తనిఖీ: త = 1 పెడితే 1 రావాలి.

ఫ్రేమింగ్ అర్థం కావాలంటే కాగితం పక్కన పెట్టి ఒక గజం నవారు తీసుకోండి. ఒక అంచుకు సిరా గీత గీసి, మధ్యలో ఒక చుట్టు వేసి, రెండు కొసలూ లాగండి. చుట్టు పోతుంది కానీ, పట్టీలో ఒక పూర్తి మెలి మిగులుతుంది. నులక తాడుతో చేస్తే మెలి కంటికి ఆనదు, అంతే. కోనసీమ పీచు తాడు చుట్టను కదపకుండా పైనుంచి లాగితే చుట్టుకో మెలి పడుతుంది. పడవ తాడు కొంకర్లు పోయేది అందుకే. బ్రాకెట్ లెక్కపెట్టేది తాడును కాదు, నవారును.

గణితవేత్త వాన్ జోన్స్ 1984లో ఈ బహుపదిని కనుక్కున్నప్పుడు దానికి త్రిమితీయ అర్థం తెలియదు. దాన్ని 1989లో భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విటెన్ ఇచ్చారు. ఆయన వాడిన క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతమైన చెర్న్-సైమన్స్ సిద్ధాంతంలో మెట్రిక్ (దూరాల కొలత) లేదు కాబట్టి ముడి వెంట తీసుకున్న విల్సన్ లూప్ (ముడి వెంట ఒక చుట్టు తిరిగి ఫీల్డ్‌ను కొలిచే రాశి) సగటు విలువ దూరాల మీద ఆధారపడదు, ముడి మీదే ఆధారపడుతుంది. చిక్కల్లా ఒక్కటే: ముడి తనతో తాను ఎన్నిసార్లు అల్లుకుందన్న సమాకలనికి నికరమైన అర్థం లేదు. అందుకని ముడి పక్కనే ఇంకో పోగు నడిపిస్తారు. అదే నవారు రెండో అంచు. ఆ రెండు అంచుల లింకింగ్ సంఖ్యే (ఒకదాని చుట్టూ ఒకటి ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్కే) ఫ్రేమింగ్. కాగితం మీద పరిచిన నవారుకు అది సరిగ్గా రైద్.

లెవెల్ (సిద్ధాంతంలో ముందే ఎంచుకునే పూర్ణాంకం) క అయితే, ఎస్‌యూ(2) అనే సౌష్ఠవ సమూహంలో స్పిన్ 1/2కు (దాని అతి చిన్న రూపానికి) త విలువ సంకీర్ణ తలంలో ఏకాంక వృత్తం మీద 2π/(క+2) కోణం దగ్గర ఉంటుంది. ఫ్రేమింగ్ ఒకటి పెరిగితే విలువ త ^ (3/4) రెట్లవుతుంది. అటు బ్రాకెట్‌లో −అ³ అంటే, గుర్తు వదిలేస్తే, త మీద −3/4. అదే ముప్పావు! రుణ గుర్తూ ఘాతం దిశా ఎవరి ఒప్పందం వాళ్లది. రెండు పోగుల గొలుసులకైతే జోన్స్‌కూ విటెన్‌కూ మొత్తం గుర్తే మారుతుంది, దాన్ని తప్పనుకోవద్దు. పైగా విటెన్ దగ్గర ముడి లేని ఉత్త వలయం విలువ 1 కాదు, π/(క+2) కోణపు కొసైన్‌కు రెట్టింపు. దానితో భాగిస్తేనే జోన్స్ విలువ.

క = 1 పెట్టి చూడండి: త³ = 1 అవుతుంది, ట్రెఫాయిల్‌కు త + 1 − త = 1. ఏ ముడికైనా ఇక్కడ 1 రావాలి, కాబట్టి ఇది మీ రెండో తనిఖీ.

సాధనకు ఎనిమిది అంకె ముడితో మాత్రం మొదలుపెట్టకండి. దాని మామూలు బొమ్మలో రైద్ 0, ఫ్రేమింగ్ తప్పు చేసినా బయటపడదు. ట్రెఫాయిల్‌కు ఒక రుణ చుట్టు తగిలించి, 16 బొమ్మలూ చేత్తో వేయండి.