వయొలిన్ చేతికిచ్చింది మీరే కదమ్మా

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి రాశారు. అమ్మాయి పదకొండో తరగతి. ఆరో తరగతిలో బడిలోనే వయొలిన్ పట్టింది, ఇప్పుడు హైస్కూలు ఆర్కెస్ట్రాలో మొదటి కుర్చీ, అంటే వయొలిన్ వాళ్ళలో ముందుండే స్థానం, తనదే. మ్యూజిక్ ఎడ్యుకేషన్ డిగ్రీ చదివి, బడిలో ఆర్కెస్ట్రా టీచరుగా చేరి, మెల్లగా వాద్యబృందాన్ని ముందు నిలబడి నడిపించే కండక్టర్‌గా ఎదుగుతానంటోంది. తల్లిదండ్రులిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ‘కంప్యూటర్ సైన్స్ మేజర్‌గా (ప్రధాన చదువుగా), సంగీతం మైనర్‌గా (పక్క చదువుగా) తీసుకోమంటే ఏడుస్తోంది. రెండు దారులనూ పోల్చి చెప్పండి. అసలు మనవాళ్ళలో ఈ పని చేసినవారు ఎవరైనా ఉన్నారా?’ అని అడిగారు.

అమ్మా, పోలిక చెబుతాను. కానీ మీ ఉత్తరంలో జీతం గురించి ఒక్క వాక్యం ఉంటే, చుట్టాలు ఏమనుకుంటారో అన్నది సగం పేజీ ఉంది. కాలేజీ దరఖాస్తుల రోజులు దగ్గర పడేకొద్దీ నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. వాయిద్యం మారుతుంది, ఊరు మారుతుంది, భయం మాత్రం అదే. ఇంత దూరం వచ్చి, ఏళ్ళ తరబడి వీసా కాగితాల కోసం ఎదురుచూసింది పిల్ల బడిపంతులమ్మ కావడానికా అన్నదే ఆ భయం. అది మీలో ఉంటే అలాగే పిల్లతో అనేయండి, తప్పేమీ లేదు. దాన్ని దాచి ‘ఉద్యోగ భద్రత’ పేరుతో మాట్లాడుతున్నారు కనుకే ఆమెకు మీ మాట మీద నమ్మకం కుదరడం లేదు.

కాస్త కటువుగా అంటున్నాను, ఏమీ అనుకోకండి. ఆ వయొలిన్ చేతికిచ్చింది మీరే. దరఖాస్తులో బాగుంటుందని ఇప్పించామని మీరే రాశారు. ప్రైవేటు పాఠాలకు డబ్బు కట్టారు, శనివారాలు నిద్రలేపి ఆడిషన్లకు తీసుకెళ్ళారు. ఐదేళ్ళు మనసుపెట్టి సాధన చేయమని చెప్పి, తీరా మనసు పెట్టాక ఇక చాలు పక్కన పెట్టెయ్యమంటే ఏ పిల్ల పెడుతుంది? అది మొండితనం కాదు, మీరు నేర్పిన శ్రద్ధే.

ఇక వృత్తి సంగతి. కండక్టర్ అనగానే మీకు జుబిన్ మెహతా గుర్తొచ్చి ఉంటారు. ఆయన కూడా బొంబాయిలో డాక్టరు చదువుకు సిద్ధమవుతూ దాన్ని వదిలేసి, 1954లో పద్దెనిమిదేళ్ళ వయసులో వియన్నా వెళ్ళినవారే. 1978 నుంచి 1991 దాకా న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌ను నడిపారు. ఆ స్థాయిని లక్ష్యంగా పెట్టుకుని బతుకు ప్రణాళిక వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. ఒక్కో ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడు ఒక్కరే, ఒకసారి వచ్చినవారు చాలాకాలం కదలరు. గుస్తావో డుడమెల్ అనే కండక్టర్ లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్‌లో 2009లో బాధ్యత తీసుకుంటే ఆ కుర్చీ ఖాళీ కావడానికి 2026 రావలసి వచ్చింది. ఆడపిల్లలకు ఆ తలుపు మరీ ఆలస్యంగా తెరుచుకుంది. మరిన్ ఆల్సప్ బాల్టిమోర్ సింఫనీకి సంగీత దర్శకురాలైన 2007 దాకా అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఆ పదవి ఏ మహిళకూ దక్కలేదు.

అయితే మీ అమ్మాయి అడుగుతున్నది జుబిన్ బతుకు కాదు, ఆయన తండ్రి మెహ్లీ మెహతా బతుకు. ఆ పెద్దాయన 1935లో బొంబాయి సింఫనీని స్థాపించారు, తర్వాత అమెరికా చేరి 1964లో అమెరికన్ యూత్ సింఫనీని మొదలుపెట్టి, దాదాపు తొంభై ఏళ్ళ వయసు దాకా కుర్రవాళ్ళ చేత వాయింపించారు. నేర్పడం, నడిపించడం ఆయనకు ఒకే పని. మనవాళ్ళలో ఎవరున్నారని అడిగారు కదా, ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి గారు ఢిల్లీ ఆకాశవాణిలో జాతీయ వాద్యబృందానికి స్వరకర్తగా, నిర్వాహకుడిగా పనిచేశారు. కాబట్టి మీ ఇంట్లో ఇది కొత్త కావచ్చు గాని మన జాతికి కొత్త కాదు.

మీరున్న టెక్సస్‌లో ఈ పని ఎలా ఉంటుందో వసంతకాలంలో బడుల మధ్య జరిగే యూఐఎల్ అనే పోటీల్లో చూడండి. వేదిక మీద కచేరీ అయ్యాక పిల్లల్ని ఇంకో గదిలోకి తీసుకెళతారు. వాళ్ళు అంతకుముందు ఎన్నడూ చూడని సంగీతం కాగితాల మీద ఎదురుగా ఉంటుంది. టీచరుకు దొరికేది కొద్ది నిమిషాలే. ఈలోగా ఎవరూ తీగ మోగించకూడదు. శ్రుతి ఎక్కడ మారుతుందో ఆమె వేలుపెట్టి చూపిస్తుంది, చెల్లోలు (కూర్చుని వాయించే పెద్ద తీగ వాయిద్యాలు) పట్టిన పిల్లల చేత లయ చప్పట్లతో వేయిస్తుంది, వయొలాలు (వయొలిన్ కంటే కాస్త పెద్దవి) తడబడే చోట తానే పాడి వినిపిస్తుంది. పిల్లలు కమాను గాలిలోనే ఆడిస్తారు. సమయం కాగానే ఆమె చెయ్యెత్తుతుంది, అందరూ మొదటిసారిగా ఆ పాటను వాయిస్తారు, ముగ్గురు న్యాయనిర్ణేతలు రాసుకుంటూ కూర్చుంటారు. ఆ గదిలో నిలబడాలంటే అన్ని వాయిద్యాల స్వరాలూ ఒకేచోట రాసి ఉండే స్కోరు మొత్తం ఒక్క చూపులో చదవగలగాలి, ముందున్న పిల్లల్లో ఎవరికి ఏది రాదో తెలిసి ఉండాలి. ఇది చిన్న పని అనేవారిని ఒక్కసారి ఆ గది దాకా రమ్మనండి.

ఇప్పుడు మీరు మెచ్చిన దారి, మేజర్ ఒకటి, మైనర్ ఒకటి. ప్రతి ఇంట్లోనూ ఈ మధ్యేమార్గమే వినిపిస్తోంది. నాకు దీని మీద గట్టి సందేహాలున్నాయి. మ్యూజిక్ ఎడ్యుకేషన్ చదివే పిల్లలు వయొలిన్‌తో పాటు వయొలా, చెల్లో, బేస్ నాలుగూ పట్టుకోవాలి, పియానో రావాలి, కండక్టింగ్ తరగతులుంటాయి, చివర్లో ఒక సెమిస్టరు మొత్తం బడిలో నిలబడి పాఠం చెప్పాలి. మైనర్‌లో ఇవేవీ సరిగా అందవు. ఏ డిగ్రీ ఉన్నా తర్వాత టీచరు సర్టిఫికెట్ తెచ్చుకునే మార్గం టెక్సస్‌లో ఉన్న మాట నిజమే, కానీ ఏ ప్రిన్సిపాలైనా ఉద్యోగం ఇచ్చేది పిల్లల ముందు నిలబెట్టి చూసి. మైనర్ అన్నది చాలా ఇళ్ళలో పిల్ల ఏడుపు ఆపడానికి ఇచ్చే బొమ్మ. రెండో ఏడాదికల్లా వయొలిన్ పెట్టె మంచం కిందికి చేరుతుంది, కంప్యూటర్ సైన్స్ మార్కులూ అంతంతమాత్రంగానే ఉంటాయి.

పైగా మీరు భద్రం అనుకుంటున్న దారి మీరు చదివిన రోజుల్లోలా లేదు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు 2023 లెక్కల్లో కొత్తగా డిగ్రీ పొందిన కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్లో నిరుద్యోగం 6.1 శాతం. మీరిద్దరూ ఆ రంగంలోనే ఉన్నారు, మీ కంపెనీల్లో కొత్తవాళ్ళను ఎంతమందిని తీసుకుంటున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. ఇష్టపడి చదివే పిల్లలు అక్కడ ఇప్పటికీ నిలబడతారు. ఏడుస్తూ చదివే పిల్లకు మాత్రం ఆ చదువు భద్రత ఇవ్వదు.

జీతం దగ్గర దాపరికం వద్దు. డాలస్ చుట్టుపక్కల బడుల్లో కొత్త టీచరుకు ఏడాదికి 60,000 డాలర్లకు అటూ ఇటూగా వస్తోంది, ఆర్కెస్ట్రా నడిపేవారికి పైన కొంత భత్యం, చివర్లో పింఛను. మంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగితో పోలిస్తే పదేళ్ళలో తేడా బాగా పెరుగుతుంది, ఆ తేడా ఎప్పటికీ పూడదు. మీ ఇల్లంత ఇల్లు ఆమె ఒంటి సంపాదనతో కొనలేకపోవచ్చు. కానీ ఆకలితో ఉండదు, ఎవరి మీదా ఆధారపడదు. మీకు రాత్రి నిద్ర పట్టకుండా చేస్తున్న ప్రశ్న అదే అయితే నిశ్చింతగా పడుకోండి.

నాకు నిజంగా భయం ఉన్నది ఇంకోచోట, దాన్ని మీరు రాయనేలేదు. అమ్మాయి అక్కడ పౌరురాలా, గ్రీన్‌కార్డు ఉందా, లేక మీ వీసా మీద ఆధారపడి ఉందా? ఆధారపడి ఉంటే ఇరవై ఒకటో ఏడు నిండగానే ఆ హోదా పోతుంది. విద్యార్థి వీసా మీద చదివినవారికి చదువయ్యాక 12 నెలలు పనిచేసే అనుమతి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ వారికి దాన్ని మరో 24 నెలలు పొడిగిస్తారు, సంగీత విద్యకు ఆ 12 నెలలే. విదేశీ టీచరుకు వీసా ఇప్పించే బడులు అరుదు. అలాంటి పరిస్థితే అయితే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలిసి, ఆ తర్వాత నాకు మళ్ళీ రాయండి, నా జవాబులో చాలా మారుతుంది.

ఆ చిక్కు లేకపోతే ఈ నెలలోనే ఒక పని చేయించండి. దగ్గరలోని మిడిల్ స్కూలు ఆర్కెస్ట్రా టీచరును అడిగి, మీ అమ్మాయిని ఒక రోజంతా ఆ తరగతుల్లో కూర్చోనివ్వండి. కమాను పట్టుకోవడం రాని ఆరో తరగతి పిల్లలు ఒకేసారి వాయిస్తుంటే ఆమెకు సహాయం చేయాలనిపిస్తోందా, పారిపోవాలనిపిస్తోందా చూడండి. పారిపోవాలనిపిస్తే ఆమెకు కావలసింది వయొలినే గాని పంతులమ్మ పని కాదు, ఆ దారి వేరు, కష్టమూ వేరు. ఇక కండక్టింగ్‌లో ప్రత్యేక డిగ్రీ సాధారణంగా మాస్టర్స్‌లో మొదలవుతుంది. ఇప్పుడే తొందర లేదు.

కాలేజీల ఆడిషన్లు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉంటాయి. ఏ రచనలు వాయించాలో ఈ వేసవిలోనే టీచరుతో కూర్చుని తేల్చుకోమనండి. డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ సంగీత కళాశాల దేశంలోని పెద్దవాటిలో ఒకటి, మీ ఇంటి నుంచి కారులో వెళ్ళివచ్చేంత దూరం. పేరు కోసం కన్సర్వేటరీ అనే ప్రైవేటు సంగీత కళాశాలకు లక్షల డాలర్లు అప్పు చేయకండి. టీచరు జీతంతో ఆ అప్పు తీరదు. ఆడిషన్ బాగా జరిగితే ఉపకారవేతనం ఎంత ఇస్తారో అడగండి, రెండు కాలేజీలు పిలిస్తే ఒకదాని ఉత్తరం ఇంకోదానికి చూపించి మళ్ళీ అడగండి.