‘ఒలింపియా’ గురించి రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి,

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. “ప్రచార చిత్రమే అయినా గొప్ప కళాఖండం” అనే మొదటి వాక్యం కొట్టెయ్. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మీద జర్మన్ దర్శకురాలు లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ఈ సినిమా గురించి దశాబ్దాలుగా అందరూ అదే రాస్తున్నారు. అక్కడ మొదలుపెడితే ఇక చూడాల్సిందేమీ మిగలదు.

జెస్సీ ఓవెన్స్‌ను అంత అందంగా చూపించిన సినిమా నాజీ ప్రచారం ఎలా అవుతుందని అడిగావు. 1936 ఆగస్టులో హిట్లర్ ప్రభుత్వానికి ద్వేషం కక్కే సినిమాతో పని లేదు. బెర్లిన్‌కు వచ్చిన విదేశీయుల కోసం యూదు వ్యతిరేక బోర్డుల్ని కూడా కొన్నాళ్లు తీసేయించారు. జర్మనీ మర్యాదస్తుల దేశమని లోకం నమ్మాలి. నాలుగు స్వర్ణాలు గెలిచిన నల్లజాతి అథ్లెట్‌ను కెమెరా ముచ్చటపడి చూడటం ఆ లక్ష్యానికి అడ్డు రాలేదు సరికదా, దాన్నే నెరవేర్చింది. ఈ ముక్క నీ వ్యాసానికి వెన్నెముక కావాలి.

డబ్బు సంగతి ఒక పేరాలో తేల్చెయ్. 1935 డిసెంబరులో పెట్టిన ఒలింపియా ఫిల్మ్ కంపెనీ పేరుకే ప్రైవేటుది. పెట్టుబడి ప్రచార మంత్రిత్వ శాఖది, 15 లక్షల మార్కులు. ప్రభుత్వం తన పేరు బయటపడకూడదనే ఆ ముసుగు వేసింది. ఇది తన సొంత సినిమా అని రీఫెన్‌స్టాల్ తర్వాత ఎన్నిసార్లు చెప్పినా కాగితాలు అలా చెప్పవు.

తెర మీద లేనిదాన్ని తేదీలతో రాయి. గ్రెటెల్ బెర్గ్‌మన్ అనే యూదు క్రీడాకారిణి జూన్ 27న 1.60 మీటర్ల హైజంప్‌తో జర్మన్ రికార్డును సమం చేసింది. జులై 15న అమెరికా జట్టు ఓడ న్యూయార్క్‌లో బయలుదేరింది. ఆ మర్నాటి తేదీతో, జట్టులో చోటు లేదని ఆమెకు ఉత్తరం వెళ్లింది. యూదులపై వివక్షకు నిరసనగా అమెరికా ఇక పోటీలను బహిష్కరించదని రూఢి అయ్యాకన్నమాట. ఆగస్టులో పతకాలు గెలిచిన ముగ్గురూ టై-బ్రేక్‌కు ముందు దాటిన ఎత్తు కూడా 1.60 మీటర్లే. అదే జులై 16న బెర్లిన్‌లోని రోమా, సింతీ (అప్పట్లో జిప్సీలనేవారు) కుటుంబాలను పట్టుకెళ్లి మార్జాన్ శిబిరంలో పడేశారు. పోటీలు జరిగిన నగరంలోనే.

ఇక పనితనం. “అద్భుతమైన ఛాయాగ్రహణం” అంటే ఎవరికీ ఏమీ తెలియదు. స్టేడియంలో గోతులు తవ్వి కెమెరాలు దించారు. కింది నుంచి తీస్తే అథ్లెట్ వెనక స్తంభాలూ అధికారులూ పోయి ఆకాశం ఒక్కటే మిగులుతుంది. మనిషి విగ్రహమైపోతాడు. పోల్‌వాల్ట్ పోటీ చీకటి పడేదాకా సాగితే, మర్నాడు అథ్లెట్లను పిలిచి మళ్లీ దూకించి తీశారు. మారథాన్‌లో పాదాలు, నీడల షాట్ల కోసం శిక్షణ పరుగులో రన్నర్ల మెడకు చిన్న కెమెరాలు తగిలించారు. శబ్దం చాలావరకు తర్వాత స్టూడియోలో చేర్చిందే. కాబట్టి జనం హోరు విని “ఆ రోజు స్టేడియం ఊగిపోయింది” అని రాయకు.

ఏ ప్రింటు చూశావో తప్పక చెప్పు. 1938 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున, బెర్లిన్‌లో తొలి ప్రదర్శన జరిగింది. వేర్వేరు భాషల ప్రతులు వేర్వేరుగా కూర్చారు. యుద్ధం తర్వాత తిరిగిన ప్రతుల్లో హిట్లర్ షాట్లు కొన్ని ఎగిరిపోయాయి. అలాగని నిడివి తగ్గిన ప్రతిదీ కోత కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను యూరప్ వీడియో 25తో నడిపిస్తే 126 నిమిషాలు 121 అవుతాయి, ఒక్క షాటూ పోకుండానే. నిడివి కాదు, షాట్లు పోల్చు.

హాకీ దగ్గర మనవాళ్లు తేలిగ్గా జారిపోతారు. ఆగస్టు 15న ఫైనల్లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8–1తో ఓడించిన మాట నిజం. హిట్లర్ ఆయనకు సైన్యంలో పదవి ఇవ్వజూపాడన్న కథ మాత్రం నాటి ఆధారం చూపగలిగితేనే రాయి. ఆ హాకీకి సినిమాలో ఎన్ని సెకన్లు దక్కాయో లెక్కపెడితే అంతకంటే పనికొస్తుంది.

వారసత్వం అన్నప్పుడు టీవీ కెమెరా కోణాలతో ఆగకు. గ్రీసులోని ఒలింపియా నుంచి జ్యోతిని చేతులు మార్చుకుంటూ తెచ్చే పరుగు ప్రాచీన గ్రీకు ఆచారం కాదు. ఆ పోటీల నిర్వాహకుడు కార్ల్ డీమ్ ఆలోచనతో 1936లోనే పుట్టింది, దివిటీలు చేసింది ఆయుధాల కంపెనీ క్రుప్. దానికి ప్రాచీనత అంటగట్టింది ఈ సినిమా మొదటి నిమిషాలే: శిథిలాలు, పొగమంచు, ప్రాచీన గ్రీకు శిల్పి మైరన్ చేసిన డిస్కస్ విసిరేవాడి విగ్రహం కరిగి జర్మన్ అథ్లెట్‌గా మారడం. ఆ విగ్రహపు రోమన్ ప్రతిని 1938లో హిట్లర్ ఇటలీ నుంచి కొనుక్కున్నాడు. ఈ సంగతి నీ వ్యాసంలో లేదు, చేర్చు.

తిరగరాసే ముందు సినిమా రెండో భాగంలోని డైవింగ్ ఘట్టం నాలుగుసార్లు చూడు, ఒకసారి శబ్దం ఆపేసి. కాగితం మీద మూడు గళ్లు గీసుకో: షాట్ ఎన్ని సెకన్లు, కెమెరా ఎక్కడుంది, పేరో దేశమో చెప్పారా లేదా. ఒక దశ దాటాక వ్యాఖ్యానం ఆగిపోతుంది, మబ్బుల మీద నీడల్లా నల్లగా కనిపించే శరీరాలే ఎగురుతుంటాయి. మూడో గడి ఎన్నో షాట్ నుంచి ఖాళీ అవుతుందో గుర్తుపెట్టి ఆ పట్టిక నాకు పంపు. వ్యాసం తర్వాత పంపినా ఫరవాలేదు.

ఆశీస్సులతో