నాన్న నిద్రలో పిలిచే పేరు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఒక రాక్ బ్యాండ్‌లో పాటలు రాస్తాను, గిటార్ వాయిస్తాను. మాది తాడేపల్లిగూడెం వైపు. నాన్న ఆర్మీలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు అల్సూరులో అందరం కలిసే ఉంటున్నాం. 1987లో ఆయన ఐపీకేఎఫ్‌తో, అంటే శ్రీలంకకి పంపిన భారత శాంతి సేనతో, జాఫ్నా వెళ్లారు. అక్కడేం జరిగిందో ఎప్పుడూ చెప్పలేదు. రాత్రి మూడింటికి లేచి తలుపు గడియ చూసుకుని, గోడకి వీపు ఆనించి కింద కూర్చుంటారు. దీపావళి రాత్రి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని కూర్చుంటారు. నిద్రలో ఒక పేరు పిలుస్తారు. ఆ పేరు మీదే పాట కట్టాను. వచ్చే నెల రిలీజ్ చేద్దామని బ్యాండ్ వాళ్లు అంటున్నారు. ‘ఇంటి పరువు తీయకురా’ అని అమ్మ ఏడుస్తోంది. నాన్న బాధని అమ్ముకుంటున్నానా? ఆయన బాగైతే నాకు రాయడానికేమీ మిగలదేమోనన్న పాడు ఆలోచన కూడా వస్తోంది.

జవాబు: ముందు ఆ పేరు సంగతి. నాన్న పిలిచేది ఎవరినో మీకు తెలియదు. పక్కన నడిచిన జవాను కావచ్చు. అతనికీ ఒక ఊరు, ఒక తల్లి ఉండే ఉంటారు. ఆ పేరు నాన్న మెలకువలో మీకు చెప్పింది కాదు. ఆయన్ని అడిగేదాకా ఆ పాట ఆపండి. కానీ గడియ చప్పుడు, కుళాయి నీళ్లు, దుప్పటి సందులోంచి నాన్నని చూస్తూ పడుకున్న పిల్లాడు, ఇవన్నీ మీ బాల్యం. వాటిని రాసుకోవడం అమ్ముకోవడమెలా అవుతుంది? బయటికి వదిలే ముందు మాత్రం ఆయన చెవిన వేయండి.

పింక్ ఫ్లాయిడ్ రాక్ బ్యాండ్‌లోని రోజర్ వాటర్స్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఐదు నెలల పసివాడుగా ఉండగా, 1944 ఫిబ్రవరిలో ఇటలీలోని ఆంజియో దగ్గర తండ్రి యుద్ధంలో చనిపోయారు. 1979లో వచ్చిన ‘ది వాల్’ ఆల్బమ్‌లో ఆ లోటు వినిపిస్తూనే ఉంటుంది. ఆయనకి అడగడానికి తండ్రి లేడు. మీ నాన్న పక్క గదిలో ఉన్నారు.

ఆయన మౌనం మీ మీద కోపం అనుకోకండి. శాంతి కాపాడటానికని వెళ్లినవాళ్లు 1987 అక్టోబర్‌కల్లా ఎల్‌టీటీఈ తమిళ పులులతో వీధి వీధికీ పోరాడాల్సి వచ్చింది. వెయ్యిమందికి పైగా జవాన్లు అక్కడే పోయారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగినప్పుడు రాష్ట్ర ముఖ్యమంత్రి స్వాగతానికి కూడా వెళ్లలేదు. కార్గిల్ నుంచి వచ్చినవాళ్లకి పూలదండలు పడ్డాయి. వీళ్లని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఎందరు? ఎవరికని చెబుతారు?

మీరు రాసిన లక్షణాలు పీటీఎస్‌డీని, అంటే భయంకరమైన అనుభవం తర్వాత మనసుని వదలని జబ్బుని, గుర్తుచేస్తున్నాయి. అవునో కాదో డాక్టరే చెప్పాలి. మూడు దశాబ్దాలు దాటినా దీనికి వైద్యం ఉంది. ఆ జ్ఞాపకాలని మెల్లగా, భయం లేకుండా ఎదుర్కోవడం నేర్పే థెరపీ ఉంది, అవసరమైతే మందులున్నాయి. హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ మీకు దగ్గరే. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కార్డు ఉంటే వాళ్ల పాలీక్లినిక్‌లో చూపించి అక్కడి నుంచి పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోవచ్చు. ముందు ఎవరితోనైనా మాట్లాడి చూడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆర్మీ క్యాంటీన్ రమ్ముతో నిద్ర తెచ్చుకుంటూ ఉంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, రమ్ము తెచ్చిన నిద్ర తెల్లవారేదాకా నిలవదు. అమ్మకి ఒక మాట చెప్పండి: వైద్యం చేయించుకున్నంత మాత్రాన నాన్న పెన్షన్‌కి ఏమీ కాదు, ఆయన్ని పిచ్చివాడని ఎవరూ రాసిపెట్టరు. ఆమె పరువు అంటున్నదాని వెనక ఈ భయమే ఉందని నాకనిపిస్తోంది.

ఇక మీ పాడు ఆలోచన. అది పాడుదేం కాదు, దాచకుండా రాశారు. ఇలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకి చెవులు పెద్దవవుతాయి. తాళం తిప్పిన తీరుని బట్టి నాన్న ఈ రోజు ఎలా ఉన్నారో చెప్పేస్తారు. మీ పాటలకి ఆధారం ఆ చెవి. నాన్న హాయిగా నిద్రపోయినా అది ఎక్కడికీ పోదు. పైగా మీరూ ఆ మూడింటికే లేస్తున్నారేమో చూసుకోండి. లేస్తుంటే నాన్నతో పాటు మీరు కూడా డాక్టర్‌ని కలవాలి, పాటల కోసం ఆ టెన్షన్‌ని పెంచి పోషించకండి.

ఎలా అడగాలి? భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని ‘జాఫ్నాలో ఏమైంది’ అని అడగొద్దు. బండి మీద క్యాంటీన్‌కి సరుకులకి వెళ్లేటప్పుడో, తెల్లవారుజామున టీ పెట్టి ఇచ్చేటప్పుడో మీరు చూసిందే చెప్పండి: ‘నాన్నా, చిన్నప్పుడు దీపావళికి నువ్వు కుళాయి తిప్పుకుని కూర్చోవడం చూసేవాణ్ణి. దాని మీద పాట రాశాను. వింటావా?’ అంతే. ఊ అంటే డ్రమ్స్ లేకుండా, ఒట్టి గిటార్ మీద, చిన్న గొంతుతో పాడండి. తలుపు తీసే ఉంచండి, లేచి వెళ్లాలనిపిస్తే వెళ్తారు. రాత్రి కలవరిస్తున్నప్పుడు మాత్రం తట్టి లేపొద్దు, దూరంగా నిలబడి ‘నాన్నా’ అని పిలవండి.

ఆ పేరు వచ్చే చోట ఏమీ పాడకండి, గిటార్ మాత్రం వాయించండి. అక్కడ ఎవరున్నారో చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతారు. ఆ రోజు చెప్పకపోతే ఇంకో రోజు చెబుతారేమో చూడండి. రిలీజ్ ఒక నెల వెనక్కి పోతుందని బ్యాండ్ వాళ్లకి ఇప్పుడే చెప్పేయండి.